అద్దెకిచ్చిన ఇంట్లో చెదలు: ఓనర్ ఏం చేయాలి, ఉండేవాళ్ళు ఏం చేయాలి

సొంతింట్లో చెదలు పడితే ఎవరో ఒకరి కంట పడుతుంది, అద్దెకిచ్చిన ఇంట్లో అలా కాదు. ఓనరేమో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, నెల తిరిగేసరికి అద్దె అకౌంట్లో పడిందా లేదా అంతవరకే ఆయన చూసుకునేది. ఉండేవాళ్ళేమో తలుపు వెనకాల సన్నగా మట్టి గీత కనపడితే చీపురుతో ఓ దెబ్బ వేసి దులిపేస్తారు, ఎందుకంటే ఫోన్ చేసి చెప్తే "మీరొచ్చాకే పట్టాయి" అంటాడని, అడ్వాన్స్‌లో కోసేస్తాడని భయం. ఇలా ఇద్దరూ ఊరుకుంటే దర్వాజా లోపలంతా డొల్ల అయిపోతుంది, పైన పెయింట్ మాత్రం కొత్తగానే ఉంటుంది. అందుకే అద్దె ఇళ్ళ విషయంలో మందు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎవరు చూడాలి, ఎవరు చెప్పాలి, ఎవరు డబ్బు పెట్టాలి అన్నది. మందు సంగతి కూడా చెప్తాను, అందులో మోసాలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు అది చెదలేనా?

మన వైపు ఇళ్ళకి ఎక్కువగా పట్టేవి నేల చెదలు. గూడు మట్టిలో ఉంటుంది, తిండికి మన ఇంట్లోకొస్తాయి. ఒళ్ళు మెత్తగా ఉంటుంది, గాలి వెలుతురు తగిలితే ఎండిపోయి చచ్చిపోతాయి, అందుకని మట్టి, ఎంగిలి కలిపి గొట్టంలా దారి కట్టుకుని దాని లోపల్నుంచే తిరుగుతాయి. గోడ మీద, దర్వాజా అంచున, సింక్ కింద పైపు వెంబడి పెన్సిల్ మందాన మట్టి గీత కనపడిందంటే అదే. మొత్తం దులిపేయకండి, అందరూ చేసే పని అదే. మధ్యలో ఒక అంగుళం మేర మాత్రం గోకి వదిలేసి రెండ్రోజులాగి చూడండి. మళ్ళీ తడిమట్టితో పూడ్చేసి ఉంటే చెదలు లోపల పనిలో ఉన్నట్టు. ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంటే ఆ దారి వదిలేశాయి, అంటే ఇల్లు వదిలేశాయని కాదు, ఇంకో దారి పట్టి ఉండొచ్చు. గోకకముందు ఒకటి, గోకాక ఒకటి ఫోటో తీసి పెట్టుకోండి, ఓనర్‌కి పంపడానికీ పనికొస్తుంది, మందు వేసేవాడికి చూపించడానికీ పనికొస్తుంది.

మంచం కింద, సోఫా కింద గోధుమపిండిలా మెత్తటి పొడి రాలి, చెక్కకి గుండుసూది తలంత గుండ్రటి చిల్లులుంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. దానికి ఇల్లంతా డ్రిల్లింగ్ చేయించాల్సిన పని లేదు, ఆ సామానుకి మందు పెడితే సరిపోతుంది. పొడి మెత్తగా కాకుండా ఇసుకరవ్వలా గింజగింజగా ఉంటే పొడి చెక్కలోనే బతికే రకం చెద, దానికి మట్టితో సంబంధం లేదు. ఈ తేడా తెలియక పుచ్చు పట్టిన పాత మంచానికి మొత్తం ఫ్లాట్‌కి ట్రీట్‌మెంట్ చేయించుకున్నవాళ్ళున్నారు, వచ్చినవాడు కూడా చెప్పడు మరి, వాడికి బేరం కదా.

ఇంకొకటి ఉసుళ్ళు. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడ్డాక సాయంత్రం లైట్ చుట్టూ ముసురుకుని పొద్దున్నే నేలంతా రెక్కలు రాల్చి పోతాయే, అవి రెక్కలొచ్చిన చెదలే. కిటికీలోంచి లైటుకి వచ్చాయంటే పెద్దగా కంగారు లేదు, లైట్ తీసేస్తే పోతాయి. కానీ కిటికీలు మూసి ఉన్నా గదిలో రెక్కలు కుప్పగా పడి ఉంటేనో, దర్వాజా పగుల్లోంచో టైల్ సందులోంచో బిలబిలమంటూ బయటికి వస్తుంటేనో గూడు మీ ఇంట్లోనో ఇంటి కిందనో ఉన్నట్టే, ఇంక ఆలస్యం చేయొద్దు.

ఎక్కడెక్కడ చూడాలి

మూడుసార్లు చూస్తే చాలు. ఇల్లు ఇచ్చేముందు, ఏటా వానలు మొదలయ్యాక, ఖాళీ చేసేటప్పుడు. చేతిలో ఒక తాళంచెవి, ఫోన్ టార్చ్ ఉంటే చాలు. దర్వాజాలని కింద నుంచి మోకాలెత్తు దాకా తాళంచెవితో కొట్టుకుంటూ వెళ్ళండి, గట్టి చెక్క టక్‌టక్‌మంటుంది, తిన్న చోట చప్పుడు డొల్లగా వస్తుంది, కాస్త నొక్కితే చెవి లోపలికి దిగిపోతుంది. బాత్రూం దర్వాజా అడుగు భాగం అన్నిటికన్నా ముందు చూడండి, అక్కడ నీళ్ళకి నాని మెత్తబడిన చెక్క ఉంటుంది, చెదలకి అంతకన్నా కావాల్సిందేముంది. తర్వాత కిచెన్ సింక్ కింద కబోర్డ్, దాని వెనక ప్లైవుడ్, ఆ తర్వాత లాఫ్ట్. అద్దెకున్నవాళ్ళంతా ఫ్రిజ్ అట్టపెట్టె, టీవీ అట్టపెట్టె మళ్ళీ ఇల్లు మారేటప్పుడు పనికొస్తాయని లాఫ్ట్‌లోకి తోసేస్తారు, అవి గోడకి ఆనుకుని ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. అట్టపెట్టె అడుగు ఎత్తి చూడండి, మట్టి అంటుకుని ఉంటే చెదలు పట్టినట్టే. స్విచ్‌బోర్డ్ ప్లేట్ అంచుల్లో మట్టి కనపడినా వదిలేయొద్దు, గోడలో వైర్లు లాగిన పైపే వాటికి తయారుగా ఉన్న దారి. ఆ పైపుల్లోంచి, బాత్రూం షాఫ్ట్‌లోంచి ఎక్కి మూడో అంతస్తు, నాలుగో అంతస్తు దాకా వెళ్తాయి, పై ఫ్లోర్ కదా మనకేం కాదు అనుకోవద్దు.

ఇక ఓనర్లకి ఒక మాట, కొంచెం కోపం వచ్చినా పర్లేదు. మూడు గదుల ఇల్లు రెండు గదుల లెక్కన అద్దెకిచ్చి, మూడో గదిలో మీ పాత డబుల్ కాట్, పిల్లల పుస్తకాలు, అమ్మమ్మ గారి చెక్క పెట్టె పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోతారు చూడండి, ఇంట్లో చెదలకి ఆ గదంత సుఖమైన చోటు ఇంకోటుండదు. ఎవరూ తలుపు తీయరు, వెలుతురుండదు, ఊడ్చేవాళ్ళుండరు. ఆ గదిలో పెరిగి మిగతా ఇంట్లోకొస్తే తప్పు అద్దెకున్నవాళ్ళ మీదకి పోతుంది. తాళం వేసుకోవాలంటే వేసుకోండి, కానీ సామాను గోడకి జానెడు ఎడంగా పెట్టండి, చెక్క కాళ్ళ కింద స్టీల్ గిన్నెలు గానీ రాతి ముక్కలు గానీ పెట్టండి, కాగితాలు నేల మీద పెట్టకుండా బీరువాలో పెట్టండి, పాస్‌బుక్కులు, దస్తావేజులు మాత్రం దయచేసి మీతో తీసుకెళ్ళండి. వీలైతే ఒక తాళంచెవి ఊళ్ళో ఉన్న చుట్టాలెవరికైనా ఇచ్చి వానాకాలంలో ఒకసారి తీసి చూడమనండి.

తడి ఆపకుండా మందు వేస్తే డబ్బు దండగ

చెదలు వచ్చిన ఇంట్లో ఎక్కడో తడి ఉంటుంది, ఒకసారి వెతికి చూడండి. ఆర్‌ఓ ఫిల్టర్ వేస్ట్ పైపు సింక్ వెనక గోడకి కారుతుంటుంది, ఏసీ నీళ్ళ పైపు బయట గోడ మీదకే వదిలేసి ఉంటుంది, బాల్కనీలో వాషింగ్ మెషిన్ నీళ్ళు జాలీలోకి పోకుండా గదిలోకి ఊరుతుంటాయి, బాత్రూం టైల్స్ సందులు పోయి అవతలి బెడ్‌రూం గోడ చెమ్మెక్కి పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంటుంది. ఇవన్నీ చిన్న రిపేర్లే, ప్లంబర్ ఒక పూటలో చేసేస్తాడు, కానీ అద్దె ఇంట్లో ఇవే నెలల తరబడి నానతాయి. బయట కూడా చూడండి, ఇంటి గోడకి ఆనించి పూలకుండీల వరస, పాత సెంట్రింగ్ చెక్కలు, కట్టెలు, విరిగిన కుర్చీలు పేర్చి ఉంటే ముందు వాటిని తీయించండి. చుట్టూ వేసిన సిమెంట్ ఆప్రాన్‌కి గోడకి మధ్య సందు పడి ఉంటే అది పూడ్చాలి.

పక్క ఖాళీ స్థలంలో పుట్ట ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. మనవాళ్ళు నాగులచవితికి పాలు పోసే పుట్ట అయితే దాన్ని తవ్విస్తానంటే వీధంతా గొడవకొస్తుంది, ఆ జోలికి పోకండి, మన గోడ చుట్టూ మందు గట్టిగా వేయించుకుంటే చాలు. పైగా కనపడే పుట్టే మన ఇంటి చెదలకి మూలం అని ఏం లేదు, గూడు నేల లోపల ఎక్కడైనా ఉండొచ్చు.

ఎవరి ఖర్చు, ఎవరి బాధ్యత

పదకొండు నెలల అగ్రిమెంట్‌లో చెదల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ పట్టుకోవాలి. ఇల్లు ఇచ్చేటప్పుడు మామూలుగా చూస్తే కనపడని పెద్ద లోపం ఏదైనా తనకి తెలిసి ఉంటే ఓనర్ చెప్పాలి, అద్దెకున్నవాళ్ళు మామూలు వాడకం అరుగుదల పోను ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా తిరిగివ్వాలి, ఓనర్ చేయాల్సిన రిపేరు నోటీసిచ్చినా తగిన టైంలో చేయకపోతే ఉండేవాళ్ళు చేయించుకుని అద్దెలోంచి మినహాయించుకోవచ్చు, ఇదీ దాని సారాంశం. అయితే "ఓనర్ చేయాల్సిన రిపేరు" అన్నదాంట్లో చెదలు వస్తాయా రావా అని తర్వాత వాదించుకునే కన్నా ముందే కాగితం మీద పెట్టుకోవడం మంచిది. ఇలా రాసుకోవచ్చు:

"ఇంటి దర్వాజాలు, తలుపులు, కిటికీలు, ఓనర్ చేయించిన కబోర్డులకు చెదల మందు, రిపేరు ఖర్చు ఓనర్‌ది. చెదలు లేదా నీటి లీకేజీ కనపడిన వారం రోజుల్లో అద్దెదారు వాట్సాప్‌లో ఫోటోతో తెలియజేయాలి. తెలియజేసిన పదిహేను రోజుల్లో ఓనర్ మందు వేయించాలి. మందు వేసే రోజు అద్దెదారు గదులు ఖాళీ చేసి ఇవ్వాలి. తెలిసి కూడా చెప్పకపోవడం వల్ల పెరిగిన నష్టం అద్దెదారు భరించాలి. అద్దెదారు సొంత సామానుకు జరిగిన నష్టానికి ఓనర్ బాధ్యుడు కాడు, సకాలంలో తెలియజేసినా ఓనర్ మందు వేయించని పక్షంలో తప్ప."

ఆఖరి ముక్క చాలామంది ఓనర్లకి నచ్చదు, కానీ అది లేకపోతే అద్దెకున్నవాళ్ళు చెప్పినా ప్రయోజనం లేదు కదా అని చెప్పడం మానేస్తారు, చివరికి పోయేది ఓనర్ చెక్కే. ఇల్లు అప్పగించే రోజున ఇద్దరూ కలిసి ఫోన్‌తో ఒక వీడియో తీసుకోండి, అన్ని దర్వాజాల అడుగులు, సింక్ కింద, లాఫ్ట్ లోపల కనపడేలా, తీసిన వెంటనే ఒకరికొకరు పంపుకోండి. ఫోన్‌లో నోటి మాటగా చెప్పిందానికి రేపు సాక్ష్యం ఉండదు, మాట్లాడినా సరే తర్వాత ఒక మెసేజ్ పెట్టండి.

మందు వేయించేటప్పుడు

చెదల మందు వేసేవాళ్ళకి 1968 ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్ కింద లైసెన్స్ ఉండాలి, అడిగి ఫోటో తీసుకోండి. ఏ మందు, ఎంత పాళ్ళలో కలుపుతారు, ఎన్ని లీటర్లు పోస్తారు అన్నవి కొటేషన్‌లో రాయించుకోండి. "కంపెనీ మందు సార్, గ్యారంటీ ఉంది" అంటే అది జవాబు కాదు. మామూలుగా వాడేవి ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ, బైఫెంత్రిన్ 2.5 ఈసీ, క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ. అంకె అంటే డబ్బాలో మందు శాతం, ఎస్‌సీ, ఈసీ అంటే నీళ్ళలో కలిపే ద్రవ మందు రకాలు. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో నేనైతే ఇమిడాక్లోప్రిడ్ అడుగుతాను, వాసన దాదాపు ఉండదు, పైగా అందులో మందుందని చెదలకి తెలియదు, దాంట్లోంచి తిరిగి మిగతావాటికి అంటిస్తాయి, అందుకే ఫలితం కనపడటానికి కాస్త టైం పడుతుంది. వేసిన మర్నాడు ఇంకా చెదలు కనపడుతున్నాయని కంగారుపడొద్దు. క్లోర్‌పైరిఫాస్ వాసన రోజుల తరబడి తలనొప్పి తెప్పిస్తుంది, పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో వద్దు, బావికి దగ్గర్లో అసలే వద్దు.

కట్టేసిన ఇళ్ళకి చెదల మందు ఎలా వేయాలో ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం మూడో భాగంలో ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున, అంటే 300 మిల్లీమీటర్ల దూరంలో, 12 మిల్లీమీటర్ల చిల్లులు మట్టి తగిలేదాకా వేసి ఒక్కో చిల్లులో లీటరు మందు నీళ్ళు పోయాలి. ఇప్పుడు లెక్క వేయండి. పదడుగులకి పదడుగుల గది అంటే చుట్టూ నలభై అడుగులు, తలుపు వదిలేసినా ముప్పై ఆరు చిల్లులు, ముప్పై ఆరు లీటర్లు, ఒక్క గదికి. ఒక మనిషి భుజాన పదహారు లీటర్ల స్ప్రేయర్ వేసుకొచ్చి మొత్తం ఇల్లు గంటలో ముగించి వెళ్ళాడంటే అది చెదల ట్రీట్‌మెంట్ కాదు, బొద్దింకలకి కొట్టినట్టు పైపైన కొట్టి పోయాడు. బైఫెంత్రిన్ 2.5 ఈసీ అయితే 0.05 శాతానికి రావాలంటే లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు పడాలి, అంటే యాభై లీటర్లకి ఒక లీటర్ డబ్బా. సీల్ మీ ముందు తీయమనండి, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. ఓనర్ ఊళ్ళో లేకపోతే అద్దెకున్నవాళ్ళు ఈ ఒక్క పని చేసి పెడితే చాలు, డబ్బాల ఫోటో, చిల్లుల ఫోటో.

దర్వాజాలకి వేరే పద్ధతి, చెక్క గోడ కలిసే చోట 6 మిల్లీమీటర్ల సన్నటి చిల్లులు కిందికి ఏటవాలుగా వేసి, నీళ్ళలో కాకుండా నూనెలో కలిపే మందు చెక్క పీల్చుకున్నంత ఎక్కిస్తారు. అది మండే సరుకు, ఆ పూట వంటింట్లో స్టవ్ వెలిగించొద్దు, అగరొత్తులు కూడా వద్దు.

రెండు జాగ్రత్తలు. డ్రిల్ పెట్టే ముందు నీళ్ళ పైపులు, కరెంటు పైపులు ఎక్కడ పోతున్నాయో చూపించాలి, ముఖ్యంగా బాత్రూం గోడ వెంట. గోడలో ఉండే సీపీవీసీ (ప్లాస్టిక్) నీళ్ళ పైపుకి చిల్లు పడితే ఆ రోజు తెలియదు, నెల తర్వాత గోడ చెమ్మెక్కాక తెలుస్తుంది, చెదలు పోయాయనుకుంటే వాటికి మళ్ళీ నీళ్ళు పెట్టినట్టయింది. రెండోది, పై అంతస్తుల్లో నేల కింద మట్టి ఉండదు, స్లాబే, అక్కడ చిల్లుకి లీటరు పోస్తే కింద ఇంటివాళ్ళ సీలింగ్ మీద మరకలు పడతాయి. పై ఫ్లాట్లకి దర్వాజాలు, కబోర్డుల వెనక, పైపు షాఫ్ట్, వైర్ల దారి, ఇవే చూడాలి, స్విచ్‌బోర్డుల దగ్గర మెయిన్ ఆఫ్ చేసి పొడి మందే వాడాలి, నీళ్ళ మందు కాదు. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్, షాఫ్ట్ అడుగు అసోసియేషన్ వేయించాలి, ఒక్క ఫ్లాట్ వాళ్ళు వేయించుకుంటే పక్క ఫ్లాట్‌లోంచి తిరిగొస్తాయి.

మందు వేశాక చిల్లులు తెల్ల సిమెంట్‌తో పూడ్చాలి. కొన్ని గంటలు కిటికీలు తీసి ఇల్లు వదిలి వెళ్ళండి, చేపల తొట్టె ఉంటే బయట పెట్టండి, బైఫెంత్రిన్ చేపలకి విషం. పాకే పిల్లలుంటే నేల పూర్తిగా ఆరి, పైన పడిన మందు తుడిచాకే తీసుకురండి. వారంటీ కార్డులో ఇంటి అడ్రస్, మందు పేరు, తేదీ, ఫ్రీగా వచ్చి చూసే నెలలు రాయించి ఉండేవాళ్ళ దగ్గర ఒక కాపీ పెట్టండి, ఎందుకంటే వారంటీ ఉందని కొత్తగా దిగినవాళ్ళకి ఎవరూ చెప్పరు, చెదలు తిరిగొచ్చినా పిలిచే దిక్కుండదు.

ఇంటి చిట్కాల గురించి అడుగుతారు కాబట్టి, కిరోసిన్, ఉప్పునీళ్ళు, పసుపు, కర్పూరం, వేపనూనె, ఇవి తగిలిన చోట నాలుగు చెదలు చస్తాయేమో గానీ గూడుకేం కాదు, పైగా అవి దారి మార్చుకుని మీకు కనపడని వైపు వెళ్తాయి. కిరోసిన్ ఇంట్లో చల్లడం ప్రమాదం కూడా. విడి చెక్క సామానుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే టెర్మైట్ ఆయిల్ రెండు కోటింగులు వేయొచ్చు, అది బాగానే పనిచేస్తుంది.

చెక్క తగ్గించండి

అద్దె కోసమే కట్టే ఇంటికి బాత్రూంలకి గ్రానైట్ దర్వాజా, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) తలుపు పెట్టేయండి, వంటింట్లో కడప రాయి అరలు, అల్యూమినియం షట్టర్లు పెడితే చెదలకి పనే ఉండదు, చూడ్డానికి మాడ్యులర్ కిచెన్ అంత గొప్పగా ఉండదు కానీ అద్దెకున్నవాళ్ళు పదేళ్ళలో ఎంతమంది మారినా అలాగే ఉంటుంది. ప్లైవుడ్ తప్పదంటే ఐఎస్ 710 మెరైన్ గ్రేడ్ అడుగుతారు అందరూ, అది నీళ్ళకి ఆగుతుంది, చెదల ట్రీట్‌మెంట్ చేసిందేనా అని కూడా అడగాలి. బిగించేముందు గోడ వైపు ఉండే వెనక భాగానికి కూడా మందు పూయించండి, కనపడదు కదా అని వడ్రంగులు వదిలేసేది అదే. తిన్న దర్వాజా మార్చేటప్పుడు ముందు మందు, తర్వాత కొత్త చెక్క. కొత్త ఇల్లు కడుతుంటే బేస్‌మెంట్ ఫిల్లింగ్‌లో చెక్క ముక్కలు, సెంట్రింగ్ తుక్కు ఒక్కటి కూడా మిగలకుండా ఏరించి, కాంక్రీట్ పోసే ముందు మట్టి మీద చదరపు మీటరుకి 5 లీటర్ల చొప్పున మందు పోయించండి, మందు వానకి కొట్టుకుపోయే రోజున మాత్రం వద్దు. తర్వాత చేయించే దానికన్నా ఇది చవక.

ఖాళీ చేసేటప్పుడు, ఓనరూ ఉండేవాళ్ళూ కలిసి దిగినరోజు వీడియో పక్కన పెట్టుకుని చూడండి. ముందే మెసేజ్ పెట్టి ఉంటే అడ్వాన్స్‌లో కోత ఉండకూడదు, చెప్పకుండా సోఫా అడ్డం పెట్టి దాచి ఉంటే ఎంత రిపేరయితే అంత, అంతే గానీ "చెదలు" అని ఒక నెల అద్దె గుండుగుత్తగా కోసేయడం కాదు, వడ్రంగి బిల్లు చూపించాలి. వెళ్ళేవాళ్ళు లారీ ఎక్కించే ముందు మంచం కోళ్ళు, దేవుడి మందిరం అడుగు, సోఫా వెనక్కి తిప్పి చూసుకోండి. నేల చెదలు సామానుతో వెళ్ళి కొత్తచోట గూడు పెట్టడం తక్కువే, కానీ పుచ్చు పురుగు, పొడి చెక్క చెద మాత్రం మంచంతో పాటే వస్తాయి. లాఫ్ట్‌లోంచి దింపిన అట్టపెట్టెలు అక్కడే పడేసి కొత్తవి కొనుక్కోండి, ఈ రోజు కోసమే కదా ఇన్నాళ్ళూ దాచింది అనిపిస్తుంది, అయినా పడేయండి.